మిరుగం రాకముందే ఇంటి షట్టర్ చూసుకోండి

నల్లగొండలో మా ఇంటి కారు షట్టర్ పాతది. తర్వాత దానికే మోటారు బిగించుకున్నాం. ఒకసారి రోహిణి కార్తెలో పట్టపగలు పైనున్న రేకు పెట్టెలో బాంబు పేలినట్టు చప్పుడైంది. చూస్తే స్ప్రింగు తెగింది. అంతకు కాసేపటి ముందే పాప సైకిలు తీసుకుని ఆ షట్టర్ కింద నుంచే బయటికి పోయింది. అప్పటి నుంచి ఏటా మిరుగం (వానలు మొదలయ్యే మృగశిర కార్తె) ముందు షట్టర్ చూసుకోకుండా ఉండను.

చేత్తో ఎత్తే షట్టర్‌లో, దానికి తర్వాత మోటారు బిగించుకున్నా సరే, బరువంతా మోసేది పైన షట్టర్ చుట్టుకునే పైపుకున్న స్ప్రింగులే. పరీక్ష తేలిక. షట్టర్ పూర్తిగా కిందికి దించి, మెయిన్ స్విచ్ ఆపి, అప్పుడు మోటారు విడిపించే తాడు లాగండి. షట్టర్ పైకి ఉన్నప్పుడు ఆ తాడు ముట్టుకోవద్దు, స్ప్రింగు బలహీనపడి ఉంటే ఒక్కసారిగా మీద పడుతుంది. తర్వాత నడుము ఎత్తు వరకు లేపి మెల్లగా పట్టు సడలించండి, చేతులు మాత్రం దగ్గరే ఉంచండి. అక్కడే నిలిస్తే మంచిది. కిందికి జారుతుంటే స్ప్రింగు పని అయిపోవచ్చింది. అలాగే నడిపిస్తే ఆ బరువంతా మోటారు మీద పడి అది కాలుతుంది.

స్ప్రింగు మాత్రం మీరు విప్పకండి. షట్టర్ దించి ఉన్నప్పుడు అది బిగిసి చుట్టుకుని ఉంటుంది, బోల్టు వదులైతే పానా చేతిలోంచి ఎగిరి మొహానికి తగులుతుంది. మెకానిక్‌నే పిలవండి.

పక్కన గొలుసుతో తిరిగే మోటారు షట్టర్లు చాలావాటికి స్ప్రింగులే ఉండవు. బరువంతా గొలుసు, బ్రేకు మీదే. అది కదులుతున్నప్పుడు కింద నుంచి ఎవరూ దూరిపోవద్దు, పిల్లలకు గట్టిగా చెప్పండి, రిమోట్ వాళ్లకు అందకుండా పెట్టండి.

షట్టర్ రెండు పక్కలా జారే చానళ్లలో గ్రీజు పూయడం మన దగ్గర అలవాటు. ఎండాకాలం దుమ్మంతా దానికి అంటుకుని బంకమట్టిలా తయారవుతుంది. పాత గ్రీజు గుడ్డతో తుడిచేసి సిలికాన్ స్ప్రే కొట్టండి చాలు. అడుగు పట్టీని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. వాన నీళ్లు నిలిచేది అక్కడే, తుప్పు మొదలయ్యేదీ అక్కడే. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే పెయింట్‌తో కప్పకండి, పట్టీ మార్చండి.

గాలివానలో మెరుపులు మొదలవగానే మోటారు స్విచ్ ఆపేయండి. ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించుకోండి, తడి చేత్తో స్విచ్ నొక్కే కాలం కదా.

స్ప్రింగులు మళ్లీ తెగి, చానళ్లను కూడా తుప్పు తినేసి ఉంటే మరమ్మతుకు డబ్బు పోయకండి. కొత్తది పెట్టించేటప్పుడు అడ్డం తగిలితే వెనక్కి లేచే సెన్సర్ అడిగి వేయించుకోండి. అమెరికాలో 1993 నుంచి తయారయ్యే ఇళ్ల గ్యారేజీ మోటార్లకు ఇలాంటి రక్షణ చట్టప్రకారం తప్పనిసరి. మన దగ్గర అడగకపోతే చాలామంది పెట్టరు. బిగించాక డబ్బులు ఇచ్చే ముందే, కిందికి దిగుతున్న షట్టర్‌కు ఒక అట్టపెట్టె అడ్డం పెట్టి చూడండి.