పాత సూపర్‌వైజరుకీ కొత్త కుర్రాడికీ పొసగట్లేదా?

జూన్, జూలై వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లారీలు బారులు తీరతాయి. పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ రాపిడి మొదలయ్యేది ఆ రద్దీలోనే. "ఈ కాలం పిల్లలకి ఓపిక లేదు" అనే మాటను నేనైతే ఒప్పుకోను.

సమస్య: చెప్పింది చెయ్యడు, ఎందుకని అడుగుతాడు

కారణం: పెద్దాయన చూసి నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో అడిగితే ఎదురు చెప్పినట్టే. కుర్రాడు చదివిన చోట కారణం రాయకపోతే మార్కులు పడవు.

మా దగ్గర జరిగిందే చెప్తా. లైను మీంచి పట్టిన వేడి గుజ్జు చుక్కను కుర్రాడు బ్రిక్స్ మీటరు (తీపి ఎంతుందో అంకెల్లో చూపేది) గాజు మీద వేశాడు. 13 చూపింది. తీపి చాలలేదు, బ్యాచ్ ఆపాలన్నాడు. సూపర్‌వైజరు కాస్త వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, "తీపి సరిపోయింది, మీటరే తప్పు" అని వెళ్లిపోయాడు. ఇంక ఇద్దరికీ మాటల్లేవు. ఆ మీటరు లెక్క 20 డిగ్రీల వేడికి కట్టింది. గుజ్జు అంతకన్నా వేడిగా ఉంటే అంకె తగ్గి కనిపిస్తుంది. చల్లార్చి చూస్తే 14 దాటింది. ఆయన నాలిక నిజమే చెప్పింది, ఆయన మాత్రం ఎందుకో చెప్పలేదు. కుర్రాడూ "ఎట్లా తెలిసిందన్నా?" అని అడగలేదు.

పరిష్కారం: పెద్దాయన పని చేస్తూనే పైకి చెప్పాలి. కాయ ఎక్కడ నొక్కాడు, ఏ వాసనకి పక్కన పెట్టాడు, ఒక్కో మాట చాలు. కుర్రాడు ఆ మాటల్ని రిజిస్టర్లో రాసుకోవాలి. తేడా వస్తే మీటరును డిస్టిల్డ్ వాటరుతో సున్నాకి తెచ్చి, శాంపిల్ చల్లార్చి, ఇద్దరూ కలిసి మళ్లీ చూడాలి.

సమస్య: పదిమందిలో అరిస్తే మర్నాడు డ్యూటీకి రాడు

కారణం: తిట్లు తిని పని నేర్చుకున్నాయనకి తిట్టడం అంటే పట్టించుకోవడం. కుర్రాడికది అవమానం.

పరిష్కారం: తప్పు అదే రోజు చెప్పండి, పక్కకి పిలిచి చెప్పండి.

సమస్య: పెద్దాయన ఎక్సెల్ షీటు ముట్టుకోడు

కారణం: మొండితనం అనుకుంటాం. నేను చూసినంతలో అది భయం, కొడుకు వయసు వాళ్ల ముందు తప్పు నొక్కుతానేమోనని.

పరిష్కారం: 1999లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ తన పెద్ద మేనేజర్లనే చిన్న ఉద్యోగుల దగ్గర ఇంటర్నెట్ నేర్చుకోమన్నాడు. మనమూ అదే చెయ్యొచ్చు. షిఫ్టు అయ్యాక, ఎవరూ లేనప్పుడు పది నిమిషాలు కూర్చోవాలి. "ఇటియ్యన్నా, నేను కొట్టేస్తా" అని మౌసు లాక్కోకూడదు. ఎంత ఆలస్యమైనా ఆయన వేలితోనే నొక్కనివ్వాలి.