ఇంటిల్లిపాదీ వాడే కంప్యూటర్‌లో సొంత ఫైళ్ల గోప్యత – 3వ పాఠం: ఎన్‌క్రిప్టెడ్ కంటైనర్

గత పాఠంలో ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో యూజర్ అకౌంట్ ఏర్పాటు చేసుకున్నాం. విండోస్‌లో స్టాండర్డ్ అకౌంట్ నుంచి మరొకరి ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదన్న సందేశం వస్తుంది. అయితే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఉన్నవారికి ఆ సందేశంతో పాటే ‘కంటిన్యూ’ బటన్ కూడా కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఫోల్డర్ తెరుచుకోవడమే కాక, ఆ అనుమతి ఇకపైనా అలాగే ఉండిపోతుంది. ఫోల్డర్‌ను ‘హిడెన్’ చేయడమంటారా, దాన్ని రక్షణ అనుకోవడమే పొరపాటు.

అడ్మినిస్ట్రేటర్‌కు కూడా అందకూడని ఫైళ్లు ఉంటే వాటిని ఎన్‌క్రిప్ట్ చేయాల్సిందే, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చాల్సిందే. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని ఎన్‌క్రిప్షన్ సదుపాయం పనిచేయదు కాబట్టి, 2013 నుంచి ఉచితంగా లభిస్తున్న వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను వాడదాం. ‘క్రియేట్ వాల్యూమ్’ నొక్కి, ఫైల్ కంటైనర్‌ను (లోపల మన ఫైళ్లను దాచుకునే ఎన్‌క్రిప్టెడ్ ఫైలు) ఎంచుకుని, దానికి పేరు, చోటు, పరిమాణం ఇవ్వండి. (పేరు ‘రహస్యం’ అని పెడితే రమ్మని పిలిచినట్టే.) ఎన్‌క్రిప్షన్ పద్ధతిగా ముందే ఎంపికై ఉండే ఏఈఎస్‌ను మార్చనక్కర్లేదు. పాస్‌వర్డ్ 20 అక్షరాలకు తగ్గితే వెరాక్రిప్ట్ హెచ్చరిస్తుంది. నాలుగైదు సంబంధం లేని మాటలను వరసగా పేర్చితే ఆ నిడివి సులువుగా వస్తుంది. దీన్ని మరిచిపోతే తిరిగి ఇచ్చేవారెవరూ లేరు. చివర్లో మౌస్‌ను కాసేపు ఇష్టం వచ్చినట్టు కదపమంటుంది. ఎన్‌క్రిప్షన్ తాళాల తయారీకి కావలసిన యాదృచ్ఛికతకు ఆ కదలికలు కూడా తోడ్పడతాయి.

ఒక డ్రైవ్ అక్షరాన్ని ఎంచుకుని, కంటైనర్ ఫైలును చూపించి, ‘మౌంట్’ నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే అది మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఇక్కడే జాగ్రత్త పడాలి. కంటైనర్ మౌంట్ అయి ఉన్నంతసేపు, మీరు లాగౌట్ కాకుండా ‘స్విచ్ యూజర్’ చేసి లేచిపోతే, మరొకరి అకౌంట్ నుంచి కూడా అందులోని ఫైళ్లు చదవడానికి వీలుంటుంది. పైగా అసలు ఫైళ్లను కంటైనర్‌లోకి తరలించినా, పాత చోట చెరిగిపోయిన వాటిని రికవరీ సాఫ్ట్‌వేర్ వెలికితీసే అవకాశం ఉంది. అందువల్ల కొత్త పత్రాలను మొదటి నుంచీ కంటైనర్‌లోనే సేవ్ చేయడం మేలు. ఎన్‌క్రిప్షన్ చదవనివ్వదు గానీ, ఎవరైనా కంటైనర్ ఫైలునే డిలీట్ చేస్తే ఆపలేదు కనుక, దాని నకలు ఒకటి వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

అభ్యాసం: ఒక మామూలు టెక్స్ట్ ఫైలును కంటైనర్‌లో ఉంచి, డిస్మౌంట్ చేయకుండా (అంటే కంటైనర్‌ను మూసేయకుండా; కొత్త వెర్షన్లలో దీన్ని ‘అన్‌మౌంట్’ అంటారు) ‘స్విచ్ యూజర్’తో మరో అకౌంట్‌లోకి వెళ్లి దాన్ని తెరిచి చూడండి, తర్వాత డిస్మౌంట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. బ్రౌజర్‌లో మిగిలిపోయే ఆనవాళ్ల సంగతి 4వ పాఠంలో చూద్దాం.