కొత్త చిమ్నీ కొనే ముందు పాత పైపు చూడండి

ఎనిమిదేళ్లు వాడిన చిమ్నీ పొగ లాగడం మానేసిందని మేం కొత్తది కొన్నాం. గాలి లాగే సామర్థ్యం పాతదాని మీద 800 అని ఉండేది, కొత్తదాని మీద 1200 అని ఉంది. బిగించిన సాయంత్రమే పులిహోరకి ఎండుమిర్చి తాలింపు వేస్తే, హాల్లో కూర్చున్న మా అత్తయ్య దగ్గలేక బాల్కనీలోకి వెళ్లిపోయారు. నాలుగు రోజుల తర్వాత కబోర్డు పైభాగం విప్పించి చూస్తే సంగతి తెలిసింది. చిమ్నీ మూతి 6 అంగుళాలది, గోడలో రంధ్రం 4 అంగుళాలది. బిగించినతను మధ్యలో ఒక రిడ్యూసర్ (పెద్ద మూతిని చిన్న రంధ్రానికి కలిపే ముక్క) పెట్టి, టేపు చుట్టి వెళ్లిపోయాడు. పాత చిమ్నీకి ఉన్న జబ్బు కూడా అదే. ఆ డబ్బు మాకు దండగైంది, మీకు కాకూడదని ఇది రాస్తున్నాను.

సమస్య: శబ్దం బాగానే వస్తోంది, పొగ పోవడం లేదు

ముందు ఫిల్టర్ తీసి శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టండి. చిమ్నీని ఎక్కువ స్పీడులో వేసి ఒక టిష్యూ కాగితాన్ని ఫిల్టర్‌కి ఆనించండి. అతుక్కుని నిలబడకుండా జారిపోతోందంటే లాగే బలం లేనట్టే. అప్పుడు స్విచ్ ఆపి, చిమ్నీ నెత్తి మీద ఉన్న డక్ట్ పైపును విడదీసి, మళ్లీ వేసి చూడండి. పైపు లేనప్పుడు కాగితం గట్టిగా పట్టుకుందంటే మోటారు బాగానే ఉంది, అడ్డంతా పైపులోనే ఉంది. చిమ్నీ మార్చాలా వద్దా అన్నది ఈ ఒక్క పరీక్షతో చాలావరకు తేలిపోతుంది.

పైపులో తప్పు మూడు నాలుగు చోట్ల ఉంటుంది. మొదటిది సైజు. 6 అంగుళాల పైపు నోటి వైశాల్యం దాదాపు 28 చదరపు అంగుళాలు. 4 అంగుళాల దానిది 12.5 మాత్రమే, అంటే సగం కూడా లేదు. ఎంత బలమైన మోటారు తెచ్చినా ఆ ఇరుకులోంచే గాలిని తోయాలి, అందుకే హోరు పెరుగుతుంది గానీ పొగ కదలదు. రెండోది వంపులు. ఫాల్స్ సీలింగ్ లోపల పైపు కనబడదు కాబట్టి ఎలా తిప్పినా అడిగేవారుండరు. ఒకటి, మహా అయితే రెండు వంపులతో గోడ దాటాలి. మూడోది, అల్యూమినియం ముడతల పైపును పూర్తిగా సాగదీయకుండా మిగిలిన ముక్కను లోపలే కుక్కేయడం. ఆ ముడతల్లో గాలి వేగం తగ్గుతుంది, నూనె జిగురు పేరుకుంటుంది. సాగదీసి, మిగిలింది కోయించండి. వీలైతే నున్నటి గట్టి పైపు వేయించండి.

రంధ్రం చిన్నదైతే కోర్ కటింగ్ (మెషీన్‌తో గోడను గుండ్రంగా కోయడం) చేసేవాళ్లను పిలిచి 6 అంగుళాల పైపు పట్టేలా పెంచడమే మందు. అపార్ట్‌మెంట్ అయితే ముందు అసోసియేషన్‌కి చెప్పండి. పిల్లర్‌నో బీమ్‌నో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తొలవనివ్వొద్దు.

ఇంకొకటి. తలుపులూ కిటికీలూ అన్నీ బిగించి చిమ్నీ వేస్తే, బయటికి పోయిన గాలి స్థానంలోకి కొత్త గాలి రాదు. పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ కొంచెం తీసి ఉంచండి. పొయ్యి పక్క కిటికీ తీస్తే గాలి పొగను పక్కకు తోసేస్తుంది. సీలింగ్ ఫ్యాన్ చేసేదీ అదే పని, వంట సేపు దాన్ని ఆపండి.

సమస్య: వెనక బర్నర్ పొగ పోతోంది, ముందు బర్నర్ పొగ ముఖానికి కొడుతోంది

ఇక్కడ పైపు తప్పు లేదు, చిమ్నీ పొయ్యికి సరిపోలేదు. రెండు బర్నర్లకు 60 సెంటీమీటర్ల చిమ్నీ చాలు. మూడు నాలుగు బర్నర్ల పొయ్యికి 75 లేదా 90 కావాలి. టేపు పట్టి పొయ్యి కొలవండి, చిమ్నీ అంతకన్నా చిన్నది కాకూడదు. వాలుగా ఉండే గాజు మోడళ్లు చూడ్డానికి బాగుంటాయి, తలకు తగలవు. కానీ మన ఇళ్లలో మూకుడు పెట్టేది ఎక్కువగా ముందు బర్నర్ మీదే. గారెలూ, వేపుళ్లూ తరచూ చేసే ఇంటికి పొయ్యి మొత్తాన్ని గొడుగులా కప్పే అడ్డం మోడల్ మంచిదని నా అభిప్రాయం.

ఎత్తు కూడా చూడండి. పొయ్యికి, చిమ్నీకి మధ్య సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి. మీ మోడల్ పుస్తకంలో ఉన్న కొలతే ఆఖరి మాట. కబోర్డుకి సమానంగా కనబడాలని పైకి జరిపితే పొగ దారిలోనే చెదిరిపోతుంది, మరీ దించితే ఫిల్టర్ జిడ్డుకి మంట అంటుకునే ప్రమాదం ఉంది.

సమస్య: పెద్ద అంకె ఉన్నది కొన్నా తేడా లేదు

డబ్బా మీద ఉండే 1200, 1400 అంటే గంటకు లాగే గాలి, క్యూబిక్ మీటర్లలో. అది పైపు తగిలించకుండా కొలిచిన లెక్క. పైపు, వంపులు, ఫిల్టర్ జిడ్డు కలిస్తే చాలా తగ్గుతుంది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న వంటిల్లు తీసుకోండి. అందులో పట్టే గాలి సుమారు 23 క్యూబిక్ మీటర్లు. గంటకు 15 సార్లు మారాలన్నా 345 చాలు. అంటే పైపు సరిగ్గా ఉంటే, ఆ తగ్గుదల పోను కూడా మామూలు వంటింటికి 1000–1200 సరిపోతుంది. అంతకుమించి పెట్టే డబ్బును కోర్ కటింగ్‌కి, మంచి పైపుకి పెట్టండి.

సమస్య: ఆటో క్లీన్ ఉన్నా నూనె కారుతోంది

ఆటో క్లీన్ అనేది మోటారు ఫ్యాన్ దగ్గరి జిడ్డును వేడితోనో నీటితోనో కరిగించి కింద గిన్నెలోకి దింపుతుంది, అంతే. ఆ గిన్నె నిండితే కారక ఏం చేస్తుంది? దాన్ని ఖాళీ చేయాల్సింది మనమే. బాఫిల్ ఫిల్టర్ (వంపు పట్టీలతో చేసిన ఫిల్టర్) ఉంటే దాన్నీ, పైపునూ ఆటో క్లీన్ తాకదు. స్టీలు బాఫిల్‌ను వేడినీళ్లలో గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టి రుద్దితే జిడ్డు వదులుతుంది. అల్యూమినియం జాలీ అయితే సోడాలో నానబెట్టకండి, నల్లబడుతుంది. ఏది విప్పాలన్నా ముందు ప్లగ్ తీయండి.

ఫిల్టర్ లేని మోడళ్లలో కడిగే పని తక్కువ, కానీ నూనె నేరుగా ఫ్యాన్ దాకా వెళుతుంది. రోజూ వేపుడు ఉండే ఇంట్లో నేనైతే బాఫిల్‌నే ఎంచుకుంటాను. మీ ఇంట్లో ఫిల్టర్ కడిగే ఓపిక ఎవరికీ లేకపోతే మాత్రం ఫిల్టర్ లేనిదే తీసుకోండి, ఎందుకంటే కడగని బాఫిల్ పొగకు గోడలా అడ్డు నిలుస్తుంది.

సమస్య: గుయ్‌మంటోంది, ఫ్యాన్ తిరగడం లేదు

జిడ్డుకి ఫ్యాన్ పట్టేసి ఉండొచ్చు, లేదా కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న భాగం) బలహీనపడి ఉండొచ్చు. కెపాసిటర్ తక్కువ ఖర్చులో మారుతుంది. ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. మోటారు కాలిన వాసన వస్తున్నా, బోర్డు విడిభాగం దొరక్కపోయినా అప్పుడు మార్చడం గురించి ఆలోచించండి.

సమస్య: పైపులోంచి వాన నీళ్లు, పావురాల చప్పుడు, పక్కింటి చేపల వాసన

గోడ బయట పైపు చివర రెక్క ఉన్న మూత లేదన్నమాట. చిమ్నీ వేసినప్పుడు తెరుచుకుని, ఆపగానే మూసుకునే రకం పెట్టించండి. సన్న జాలీ వద్దు, నూనెతో పూడిపోతుంది. పైపును బయటివైపు కొంచెం వాలుగా ఉంచితే నీరు లోపలికి రాదు.

సమస్య: అద్దె ఇల్లు, గోడ కొట్టనివ్వరు

పైపు లేని, బొగ్గు ఫిల్టర్ ఉన్న చిమ్నీ అమ్ముతారు. అది వాసన తగ్గించి గాలిని మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. ఉక్క, ఆవిరి అలాగే ఉంటాయి, బొగ్గు ఫిల్టర్ కొన్ని నెలలకోసారి మార్చాలి. వెంటిలేటర్ దగ్గర మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకోవడం దానికన్నా నయం.

వంటింట్లోనో, దాన్ని ఆనుకుని ఉన్న యుటిలిటీలోనో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు ఇది తప్పక చదవండి. కిటికీలు మూసి బలమైన చిమ్నీ వేస్తే, గీజర్ పొగ బయటికి పోకుండా ఇంట్లోకే రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. రెండూ ఒకేసారి వాడకండి. అలాగే గ్యాస్ లీకైన వాసన వస్తే చిమ్నీ వేయకండి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువైనది, నేల దగ్గరే నిలుస్తుంది, స్విచ్ నిప్పురవ్వ చాలు. రెగ్యులేటర్ ఆపి, తలుపులు తీసి, బయటికి వెళ్లండి.

బిగించే రోజు కబోర్డు మూసేలోపు పైపును ఫోన్‌తో ఫోటో తీసుకోండి. డబ్బులిచ్చే ముందు అతని ఎదురుగానే రెండు ఎండుమిరపకాయలు నూనెలో వేసి చూడండి. మా ఇంట్లో రంధ్రం పెంచాక అలాగే చూశాం, ఆ రోజు మా అత్తయ్య హాల్లోంచి లేవలేదు.