ఆన్‌లైన్ పోకర్‌లో లాభం ఎటు పోయిందో చింతపిక్కలతో చూపించడం ఎలా?

సిరిమానోత్సవానికి విజయనగరంలో మా ఇంటికి చుట్టాలు దిగితే, వాళ్లలో ఒక కుర్రాడైనా "పోకర్‌లో నెలనెలా సంపాదించొచ్చు బాబాయ్" అంటాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించిందనీ, 2025లో కేంద్రం కూడా చట్టం చేసిందనీ చెబితే చెవికెక్కదు. పిక్కలు పోస్తే ఎక్కుతుంది.

కావలసినవి: 500 ఎండు చింతపిక్కలు, పేక, మూతున్న రేకు డబ్బా, ఆట తెలిసిన ఐదుగురు, ఆడని మనిషి ఒకరు. బొత్తాలు, అగ్గిపుల్లలు పనికిరావు. ఫోన్‌లో ఉచిత చిప్స్ ఆట అసలే వద్దు. ఊరికే వచ్చిన చిప్స్‌ని ఎవరూ జాగ్రత్తగా ఆడరు.

1. తలో వంద పంచండి. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, ఒకటి, రెండు. ఆట టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకం.

2. ఏ ముక్కలొచ్చినా ఫోల్డ్ చేయొద్దని, అంటే ముక్కలు పడేసి తప్పుకోవద్దని, ఇద్దరికి చాటుగా చెప్పి ముప్పై ఆటలు ఆడించండి. మిగతా ముగ్గురి ముందు చాలాసార్లు పిక్కలు గుట్టపడతాయి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీతో మొదలుపెట్టి 25 లక్షల డాలర్లు గెలిచాక, ఆట రానివాళ్లు కూడా ఎగబడిన రోజులివి.

3. రేక్ తీయడం. అందరూ పాడుచేసేది ఇక్కడే. రేక్ అంటే టేబుల్ నడిపేవాడి కమీషన్. ప్రతి పాట్‌లో, అంటే ఆ ఆటలో మధ్యలో పోగైన పందెంలో, ఇరవైకి ఒక పిక్క, అంటే 5 శాతం, మొదటి ఆట నుంచీ తీయాలి. గెలిచినవాడు పాట్ లాక్కోకముందే తీయాలి. లాక్కున్నాక అడిగితే బేరాలు మొదలవుతాయి. బల్ల మీద మూడు ముక్కలు పరచకముందే ఆట ముగిస్తే తీయకూడదు.

ఆడేవాళ్ల చేత తీయించొద్దు, మర్చిపోతారు. మా ఇంట్లో ఒకసారి మరదలు మొహమాటపడి సగం పాట్లు వదిలేసింది, రెండు గంటల శ్రమ బూడిదలో పోసినట్టయింది. తీసిన పిక్క మూతున్న డబ్బాలోనే వేయాలి. గిన్నెలో కనబడుతుంటే అది చివర్లో పంచుకునే సొమ్మనుకుంటారు.

4. ఎవరూ చూడకుండా డబ్బా ఖాళీ చేసి, మళ్లీ తలో వంద. ఈసారి అందరూ జాగ్రత్తగా, అరవై ఆటలు. ఇది ఇప్పటి టేబుల్. 2011 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్ల మీద కేసులు పెట్టాక అక్కడి సరదా ఆటగాళ్లు పలచబడ్డారు. 2015 నుంచి ఎప్పుడేం చేయాలో లెక్కగట్టే సాల్వర్లు అనే కంప్యూటర్ ప్రోగ్రాములు అమ్మకానికొచ్చాయి, మిగిలినవాళ్లు వాటితో చదువుకుని కూర్చుంటున్నారు. తప్పు చేసేవాడే లేకపోతే గెలుపు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది?

5. లెక్కపెట్టండి. నలభై పాట్లు ఇరవై దాటినా కనీసం నలభై పిక్కలు పోయినట్టే. సగటున మనిషికి 92 మిగులుతాయి. కుర్రాడు బల్ల కింద వెతుకుతూ "ఏటి బాబాయ్, పిక్కలు తగ్గాయేటి?" అంటాడు.

అప్పుడు డబ్బా మూత తీయండి. అంతకుముందు వాళ్ల ఎదుట తీయొద్దు.