ఆచూకీ కోసం చూసే ఇంట్లో ధైర్యం చెప్పాలంటే

ముందు టీవీ కట్టేయించండి. నుజ్జయిన బోగీల్నే తిప్పి తిప్పి చూపిస్తుంటే మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

నేను విశాఖలో రైల్వే బుకింగ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాను. 2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ జిల్లా బహనగ బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి, అంటే బళ్ళు ఆపే పక్క పట్టాల మీదికి, మళ్ళి ఆగివున్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు. ఆ బండి మా ఊరి మీదుగానే చెన్నై వెళ్తుంది. అందులో ఎక్కిన మనవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కూర్చున్నప్పుడు ఏది పనికొచ్చిందో అదే చెబుతున్నాను.

“ఏం కాదులే అమ్మా” అనకండి. మీకేం తెలుసని? తెలిసిందే చెప్పండి. రిజర్వేషనుంటే చార్టులో పేరుంటుంది, బోగీ నంబరు దొరుకుతుంది. జనరల్ బోగీ అయితే చార్టు ఉండదు. అదీ దాచొద్దు, ప్రమాదం దగ్గరి ఆసుపత్రుల్లో (అప్పుడైతే బాలాసోర్, కటక్) వాకబు మొదలుపెట్టండి. “ఎనిమిదింటికి మళ్ళీ ఫోన్ చేస్తా” అన్నారా, కబురున్నా లేకున్నా ఎనిమిదింటికే చేయండి. ఆ ఇంట్లో అందరి కళ్ళూ గడియారం మీదే ఉంటాయి.

కాగితాలు మీరే సర్దండి: ఈమధ్య ఫొటో, ఆధార్ నకలు, పుట్టుమచ్చలు, వేసుకెళ్ళిన చొక్కా రంగు. మనిషిని పోల్చుకోలేకపోతే డీఎన్‌ఏ పరీక్షకు (అప్పుడైతే భువనేశ్వర్ ఎయిమ్స్‌లో) తల్లో తండ్రో బిడ్డలో కావాలి. భార్య నమూనా సరిపోదు. ఈ మాట ఆ ఇల్లాలికి బయల్దేరకముందే నెమ్మదిగా చెప్పండి. అంతదూరం వెళ్ళి కౌంటర్ దగ్గర వినకూడదు. నెలలు పట్టొచ్చనీ చెప్పండి. ఎవరివో తేలని 28 మృతదేహాలను ఆ ఏడాది అక్టోబరులో భువనేశ్వర్ నగరపాలక సంస్థే దహనం చేసింది.

పిల్లలతో “నాన్న ఊరెళ్ళాడు” అనొద్దు. వాళ్ళ భయాన్ని మాటలతో కప్పెయ్యకూడదు. బహనగలో శవాల్ని ఉంచిన హైస్కూలుకు వెళ్ళడానికి పిల్లలు భయపడ్డారు. సున్నం వేసి, దెయ్యాల్లేవని బుద్ధి చెప్పి ఊరుకోవచ్చు. అలా చేయలేదు, ఆ పాత భవనాన్నే కూల్చేశారు. నిర్ణయం తీసుకున్నవాళ్ళెవరో గానీ, వాళ్ళకో దణ్ణం.

పరిహారం సంగతి మొదటిరోజే ఎత్తకండి. పోయినవారి కుటుంబాలకు రైల్వే 10 లక్షలు ప్రకటించింది. ఆ అంకె వినగానే ఎక్కడెక్కడి చుట్టాలో దిగుతారు.

పెద్దకర్మ అయ్యాక ఇల్లు ఖాళీ అవుతుంది. అసలు వెళ్ళాల్సింది అప్పుడు. స్కూలు ఫీజు గడువెప్పుడో, పాస్‌బుక్ ఎవరి పేరనుందో అడగండి. పప్పుపులుసు పట్టుకెళ్ళి గిన్నె అక్కడే వదిలేయండి. మళ్ళీ వెళ్ళడానికి సాకు ఉంటుంది.