టీమ్ రేటింగ్ తేడాగా వస్తోందా? ఫార్ములా జోలికి వెళ్లే ముందు ఇవి చూడండి

ప్రతి ఆదివారం రాత్రి తిరుపతి కొర్లగుంటలో ఒక గేమింగ్ సెంటర్‌లో పది సిస్టమ్‌లు పట్టుకుని వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతాం, ఇటు ఐదుగురు అటు ఐదుగురు. రేటింగ్ షీట్ నాది, టీమ్‌లు పంచేదీ నేనే, కాబట్టి తిట్లూ నాకే. ఎలో లెక్క అంటే గెలిస్తే రేటింగ్ పెంచి, ఓడితే తగ్గించే, చెస్ నుంచి వచ్చిన పద్ధతి. మిగతాది మీకు తెలుసనే అనుకుని నేరుగా విషయానికొస్తున్నా.

సమస్య: "నేను ఇంత బాగా ఆడుతున్నా నా రేటింగ్ ఏంటన్నా ఇంత తక్కువ?"

ఎన్ని ఆటలు ఆడావో చూసుకో సామీ! ఎన్నిసార్లు చెప్పినా ఇది ఎవరూ చూడరు. చెస్‌లో గెలుపైనా ఓటమైనా నీ ఒక్కడిదే, ఇక్కడ ఒక ఫలితాన్ని ఐదుగురు పంచుకుంటారు. 2005లో ఎక్స్‌బాక్స్ లైవ్ అనే ఆన్‌లైన్ గేమింగ్ సేవ కోసం ట్రూస్కిల్ అనే రేటింగ్ పద్ధతి తెచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ల అంచనా ప్రకారమే ఆటగాడి స్థాయి తేలడానికి ఒకరితో ఒకరు ఆడితే పన్నెండు ఆటలు చాలు, నలుగురికి నలుగురైతే 46 కావాలి. తొమ్మిది ఆటలాడి గొడవకొస్తే ఎట్లా? మా షీట్‌లో ముప్పై ఆటలు దాటేదాకా పేరు పక్కన ప్రశ్నార్థకమే ఉంటుంది.

సమస్య: కొత్తవాడు ఏ టీమ్‌లో ఉంటే ఆ టీమే గెలుస్తోంది.

ట్రూస్కిల్ వాడేవాళ్లకే ఇది. అక్కడ కొత్తవాడి సగటు (నైపుణ్యం మీద అంచనా) 25, అనుమానం (ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో) 8.33. పైకి చూపించే అంకెలో సగటు నుంచి మూడింతల అనుమానాన్ని తీసేస్తారు, కాబట్టి వాడు సున్నాగా కనిపిస్తాడు, ఆ సున్నాతోనే పంచితే వాడి టీమ్‌కు గట్టివాళ్లు ఎక్కువ పడతారు. పట్టికలో ఆ సున్నా ఉండనివ్వండి, టీమ్‌లు పంచేటప్పుడు మాత్రం సగటునే తీసుకోండి.

సమస్య: రేటింగ్ ఎక్కువున్నవాడు ఉన్నట్టుండి తేలిపోయాడు.

దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. మా గ్రూపులో ఒక బావ, బామ్మర్ది ఉన్నారు. ఒకే బండి మీద వస్తారు, పక్కపక్క సిస్టమ్‌లలో కూర్చుంటారు, ఎప్పుడూ ఒకే టీమ్. బావ 1642, బామ్మర్ది 1618. బామ్మర్ది చిత్తూరులో జాతరకు వెళ్లిన వారం బావను ఒక టీమ్‌కు పెద్ద దిక్కుగా పెట్టాను. 13-3, 13-5, 13-4, మూడూ పోయాయి. అందరూ నా లెక్క మీద పడ్డారు, నేనూ బెదిరిపోయి కె విలువ (ఒక్కో ఆటకు రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) మార్చాను, అది కుదరక ఫార్ములాలో రేటింగ్ తేడాను గెలుపు అవకాశంగా మార్చే 400ను 300 చేశాను, రెండు వారాలు వృథా. చివరికి పాత షీట్లు పక్కన పెట్టుకుని చూస్తే అన్నిట్లో ఇద్దరి మధ్య తేడా అదే 24.

కదలదు మరి. మీ టీమ్ సగటు 1560, అవతలివాళ్లది 1460 అనుకోండి, మీరు గెలిచే అవకాశం 64 శాతం, కె 32 అయితే గెలుపుకు ఐదుగురికీ తలా పదకొండున్నర వస్తుంది. ఎవడు మోశాడో, ఎవడు మోయించుకున్నాడో లెక్కకు తెలియదు. ఎప్పుడూ కలిసే ఆడే ఇద్దరు షీట్ దృష్టిలో ఒకే మనిషి.

అందుకని ముందు ఎవరెవరు ఎప్పుడూ కలిసి ఆడుతున్నారో చూసి, ఆ జోడీల మధ్య తేడాకు ఒక కాలమ్ పెట్టండి. వారాల తరబడి ఆ అంకె కదలకపోతే, నాలుగు ఆటలకు ఒకటైనా వాళ్లను ఎదురెదురుగా వేయండి. "మేం కలిసి ఆడ్డానికే వస్తామన్నా" అని మొహం మాడ్చుకుంటారు, పట్టించుకోకండి. విడదీసిన ఆటలకు నేను కె మళ్లీ 32 చేశాను. పదిహేను ఆటల్లో బామ్మర్ది పది గెలిచాడు, 1698కి ఎక్కాడు, బావ 1562కి దిగాడు. ఇన్నాళ్లూ మోసింది చిన్నోడే! అయితే ఇద్దరూ కలిస్తే నిజంగానే ఇంకాస్త బాగా ఆడతారు, ఒకరి కేక ఇంకొకరికి అలవాటు. వాళ్లు ఒకే టీమ్‌లో ఉన్న రోజు ఆ టీమ్ సగటుకు 30 కలిపి గెలుపు అవకాశం లెక్కేస్తాను, సొంత రేటింగ్‌లో మాత్రం కలపను.

విడదీయడం ఇష్టంలేక కిల్స్ (ఎవడు ఎంతమందిని చంపాడో) చూసి మార్కులు వేద్దామంటారు. నేనూ వేశాను, రెండో వారానికల్లా స్పైక్ (గెలవడానికి గేమ్‌లో పెట్టే బాంబు) పెట్టేవాడు కరువయ్యాడు. 2018 నాటి ట్రూస్కిల్ 2లో కిల్స్ లెక్క ఉన్న మాట నిజమే, కానీ అందులో కలిసి వచ్చే గుంపులకూ విడిగా లెక్క ఉంది, దాన్ని ఆడించడానికి డేటా కుప్పలుగా ఉంది. మన దగ్గర ఉన్నది పది మంది, ఒక షీట్.

మిగతావి అరుదు. కరెంటు పోతే ఆ ఆట కొట్టేయండి. రెండో ఐడీతో దూరేవాడు మొహాలు తెలిసిన గ్రూపులో దొరికిపోతాడు. చిత్తూరు గ్రూపువాళ్ల 1600, మన 1600 ఒకటేనా అంటారా, వాళ్లతో ఒక్క ఆటైనా ఆడకుండా ఆ రెండు అంకెలకూ సంబంధమే లేదు. నెలకో ఆదివారం రెండు గ్రూపుల్నీ కలిపి, కలగాపులగంగా టీమ్‌లు వేసి ఆడించండి.