పెరటికి వచ్చే నెమలిని ఆదరించే తీరు

హైదరాబాద్‌లో కేబీఆర్ జాతీయ ఉద్యానవనం పరిసరాల్లోని ఇళ్ల పెరళ్లకు నెమళ్లు వస్తుంటాయి. వాటికి గింజలు చల్లి మచ్చిక చేసుకోవాలనిపించడం సహజమే గాని, దయచేసి ఆ పని చేయకండి. మనిషి పెట్టే తిండికి అలవాటుపడిన పక్షికి జంకు తగ్గి, కుక్కల బారినా వాహనాల కిందా పడే ప్రమాదం పెరుగుతుంది. వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లు పోసి, రోజూ కడిగి మార్చండి. రాలిన ఆకులను ఒక మూల అలాగే ఉంచి, పురుగుమందులు మానేస్తే, చెదలనూ మిడతలనూ ఏరుకుంటూ నెమలి తీరిగ్గా తిరుగుతుంది. నా దృష్టిలో ఇంతకు మించిన ఆతిథ్యం లేదు. లేత మొక్కలను మాత్రం బిగుతైన వలతో కప్పాలి. కారు అద్దంలో కనిపించే తన ప్రతిబింబాన్నే ప్రత్యర్థిగా భావించి మగ నెమలి పొడుస్తుంది కనుక, అద్దానికి గుడ్డ తొడగండి. వానాకాలంలో అది పురి విప్పినప్పుడు కిటికీ వెనుక నుంచే చూడండి. నెమలిని పట్టడం, గుడ్లు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.